గోవిందు పూడ్చిన గండి

గోవిందు ఆ మడచెట్లలో ఒక్క కొమ్మ కూడా నరకలేదు. తరువాత ఎవరు ఏమనుకున్నా ఆ మాట మాత్రం నిజం. పాత మట్టికట్టకు పడిన గండిని పూడ్చాడు, అంతే.

ప్రోతరాపూర్ దిగువన, సముద్రంలోంచి లోపలికి వచ్చే నాలా ఒడ్డున, ఒకప్పుడు అతనికి వరిచేను ఉండేది. తండ్రి సోంపేట దగ్గర్నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చి, చెట్లు కొట్టి, బురద తొక్కి చేసుకున్న నేల అది. నాలా పొడుగునా కట్ట వేసి ఉప్పునీటిని ఆపి, వాననీటితో పండించేవారు. సునామీ వచ్చిన ఉదయం భూమి ఊగి ఊగి, చేను చేనంతా కిందికి కుంగిపోయింది. కట్ట తెగింది. సముద్రం నాలాలోంచి ఎగదన్ని ఇంటి మెట్ల దాకా వచ్చి వెనక్కు పోయింది. పోయిందనుకుంటే మర్నాడు మళ్ళీ వచ్చింది. ఇక అప్పట్నుంచి రావడం మానలేదు. రోజూ పోటుకు నిండడం, పాటుకు తీయడం. వరిదుబ్బులు కుళ్ళిపోయాయి. కొన్నేళ్ళకు, ఎవరూ నాటకుండానే, అక్కడ మడచెట్లు లేచాయి.

గోవిందు దాన్ని చేను అనే పిలిచేవాడు. అతని పెళ్ళాం కాసులమ్మ నాలా అనేది.

మొగుడు గుమ్మంలో కూర్చుని పోయిన గట్ల కేసి చూస్తున్న రోజుల్లోనే కాసులమ్మ బుట్ట తీసుకుని బురదలోకి దిగింది. మొదట చిన్న రొయ్యలు దొరికాయి. చెట్లు ఎదిగేకొద్దీ మండపీతలు వచ్చాయి. వాటిని తాడుతో కట్టి బస్సెక్కి డెలానీపూర్ క్వార్టర్లలో అమ్ముకొచ్చేది. ఆ సంపాదనతోనే కొడుకు మణికుమార్‌ని చదివించింది. చదువు అబ్బక వాడు జేసీబీ డ్రైవరయ్యాడనుకోండి, అది వేరే సంగతి. ఆ బురదలో తిరిగి తిరిగి ఆమెకు కొన్ని సంగతులు కళ్ళబడ్డాయి. రాలిన ఆకుల్ని పీతలు బొరియల్లోకి లాక్కుపోతాయి. ఆ బొరియల గుండా పోటునీరు బురద లోపలికంటా దిగుతుంది. కుళ్ళిన ఆకు చుట్టూ కంటికి ఆనని పురుగులు, వాటి కోసం వేళ్ళ సందుల్లో వెంట్రుకంత చేపపిల్లలు, వాటి కోసం కొంగలు. చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళుంటాయి. పాటుకు నీరు తీసినప్పుడు అవి గాలి పీల్చుకుంటాయని కోడలు స్వాతి చెప్పింది. స్వాతి గోల్ ఘర్‌లో ఒక చిన్న బళ్ళో సైన్సు టీచరు.

ఇలా ఉండగా నీటితో చిక్కొచ్చిపడింది. ఈ నాలుగైదేళ్ళలో అమావాస్య పోట్లు మరీ పైకి రావడం మొదలైంది. వేసవి వచ్చేసరికి బావినీరు ఉప్పెక్కేది. పెరట్లో చిక్కుడుపాదు ఆకుల అంచులు మాడిపోయేవి. టీ పెడితే పాలు విరిగిపోయేవి. పక్కింట్లో ఉండే కాసులమ్మ తమ్ముడు లక్ష్ముడి బావి ఇంకా ఘోరం. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. వస్తే క్యూలో పోట్లాటలు.

గోవిందు మనసులో ఎప్పట్నుంచో ఉన్న కోరికకు ఈ ఉప్పునీరు ఒక సాకు ఇచ్చింది. పైగా తోడుగా జ్ఞానయ్య ఉన్నాడు. జ్ఞానయ్య క్రైస్తవుడు, ఓడల మీద సరంగుగా చేసి రిటైరయ్యాడు. గోవిందు చేనుకు ఆనుకునే అతని చేనూ ఉండేది. ఇద్దరి చేలూ ఒకే ఉదయం పోయాయి. అప్పట్నుంచీ సాయంత్రాలు ఒకే బల్ల మీద కూర్చుంటున్నారు.

"పూడ్సీరా గోవిందూ," అన్నాడు జ్ఞానయ్య ఒకరోజు. "గండి ఎంతుందిరా? మన మణిగాడు మిషనెక్కితే ఒక పూట పని. బావి బాగుపడతాది. నేల ఆరతాది. కోత పండక్కి మా గుడిలో అందరూ కొన్న బియ్యమే తెచ్చి పెడతన్నారు. నా సొంత ఒడ్లు ఒక్కసారి పెట్టాలని ఉందిరా నాకు."

ఆ రాత్రి అన్నం దగ్గర గోవిందు ఆ మాట బయటపెట్టాడు. కాసులమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఆ గండి మూసీస్తే నాలా సచ్చిపోద్ది మావా," అంది.

"నాలా ఎక్కడికి పోద్దే? నాలా నాలాలో ఉంటాది. నా సేను నాకొస్తాది."

"మరి పీతలో?"

"కట్టకి అవతల లేవేటి పీతలు? అక్కడ పట్టుకో."

"అవతలున్నవి ఇక్కడ పెరిగినవే. పిల్లలప్పుడు ఇక్కడ దాక్కుంటాయి, పెద్దయినాక పోతాయి. ఇంతకీ అది నీ సేను ఎప్పుడైంది? మీ అయ్య కొట్టకముందు అక్కడ మడ అడివే కదా. మళ్ళీ అదే మొలిసింది."

మధ్యలో మా అయ్య మాట ఎందుకొచ్చిందని గోవిందు కంచం ముందు నుంచి లేచిపోయాడు. మణికుమార్ తల్లికీ తండ్రికీ మధ్య చూపులు తిప్పాడు. "అమ్మా, పానీ కే బినా ఎలా బతుకుతాం? బావి బాగుపడితే సరే కదా," అన్నాడు. స్వాతి గోవిందు వదిలిన కంచం తీసింది. ఆమెకూ రోజూ ట్యాంకరు క్యూలో నిలబడి విసుగెత్తింది.

మాఘమాసంలో ఒక ఆదివారం మణికుమార్ యజమానిని అడిగి మిషను తెచ్చాడు. పాటు వేళ చూసి గండిలో రాళ్ళు పోసి, మట్టి కప్పి, తొక్కించాడు. జ్ఞానయ్య గుడి నుంచి తెల్లబట్టలతోనే వచ్చి కట్ట మీద నిలబడి ప్రార్థన చేశాడు. సాయంత్రం పోటు వచ్చింది. నాలా నిండింది. కట్టను తాకి, కాసేపు అక్కడే తచ్చాడి, వెనక్కు తగ్గింది. గోవిందు కళ్ళు తుడుచుకున్నాడు. లక్ష్ముడు లడ్డూలు పంచాడు. కాసులమ్మ మాత్రం ఇంట్లోంచి బయటకు రాలేదు.

వేసవి అంతా నేల ఆరింది. బీటలు వారింది. గోవిందు పొద్దున్నే లేచి చెట్ల మధ్య ఖాళీల్లో తిరుగుతూ పాత గట్లు ఎక్కడుండేవో పాదాలతో వెతుక్కునేవాడు. బావిలో ఉప్పు తగ్గింది. లక్ష్ముడు కట్ట లోపలి వాలులో అరటిపిలకలు నాటాడు. కాసులమ్మ బుట్ట తీసుకుని కట్టకు అవతల నాలాలోకి దిగేది. బుట్ట నిండక రోజురోజుకూ త్వరగా తిరిగొచ్చేది. ఒకనాడు ఆమె కట్ట మీద గుంపుగా పీతల్ని చూసింది. లోపలి బొరియలు ఎండిపోయి, నీటి కోసం పైకెక్కి, ఎండకు మాడి, అక్కడికక్కడే బోర్లాపడి ఉన్నాయి. వాటిలో సగం చిటికెన వేలి గోరంత పిల్లలు. ఆమె వాటిని ఏరి కట్ట అవతల నీళ్ళలో వేసింది. అప్పటికే చాలా చచ్చిపోయాయి.

వైశాఖంలో వాన మొదలైంది. ఇక్కడ వాన మొదలైతే ఆగదని గోవిందుకు తెలుసు. ఉప్పు కడుక్కుపోవడానికి ఆ వానే కావాలి కూడా. నారుమడి పోశాడు. మొదటి పెద్ద వాన వెలిసిన పొద్దున చూస్తే నారుమడి చుట్టూ నీరు తుప్పు రంగులో ఉంది. పైన నూనెలాంటి తెట్టు. వేలితో తాకి నాలిక మీద పెట్టుకుంటే పుల్లగా, పళ్ళు జివ్వుమనేలా ఉంది. మొలకలు పసుపెక్కి, వాలి, ఆ వారంలోనే పోయాయి.

స్వాతి ఫోనులో వెతికి వెతికి వచ్చింది. "మావయ్యా, ఇన్నేళ్ళు ఉప్పునీళ్ళ కింద ఉన్న బురద ఇది. నీళ్ళలో ఉన్నంతకాలం ఏమీ కాదు. ఎండబెట్టి గాలి తగలనిస్తే అందులోని గంధకం పులుస్తుందట. యాసిడ్ అవుతుంది. వాన పడితే ఆ యాసిడ్ నీళ్ళలోకి దిగుతుంది."

"రెండు వానలు పడితే కడుక్కుపోద్ది," అన్నాడు గోవిందు.

"ఎక్కడికి పోతుంది మావయ్యా? పోడానికి దారేదీ?"

గోవిందు కట్ట కేసి చూశాడు. పాతరోజుల్లో కట్టకు తలుపున్న తూము ఉండేది. వాననీరు ఎక్కువైతే పాటు వేళ తెరిచేవారు. గండి పూడ్చే ఆత్రంలో దాని సంగతే ఎవరికీ తట్టలేదు.

వానలు ఆగకుండా కురిశాయి. కట్ట లోపల నీరు మోకాలి లోతు నిలిచి, అలాగే ఉండిపోయింది. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళన్నీ మునిగిపోయాయి. పాటు లేదు కనక మళ్ళీ తేలలేదు. మడచెట్ల ఆకులు మొదట కొసల్లో, తరువాత మొత్తంగా పసుపెక్కి రాలాయి. రాలిన ఆకుల్ని లాక్కుపోవడానికి పీతల్లేవు. ఆకులు నీళ్ళలోనే నాని నల్లటి జావయ్యాయి. వేసవిలో గుంటల్లో మిగిలిన చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరిచి, రెండుమూడు రోజులు అలా కొట్టుకుని తెల్లగా తేలాయి. కుళ్ళిన గుడ్ల వాసన ఇళ్ళలోకి వచ్చింది. కొంగలు కొన్నాళ్ళు ఆ చచ్చిన చేపల్ని తిన్నాయి. తరువాత అవీ రావడం మానేశాయి.

చేపలు పోయాక దోమలు లేచాయి. సాయంత్రమైతే గుమ్మంలో కూర్చోలేని పరిస్థితి. వేపాకు పొగ వేసినా లాభం లేదు. జ్ఞానయ్య మాత్రం బల్ల వదల్లేదు. లుంగీ కాళ్ళ మీదికి కప్పుకుని, "ఓడ మీద ఇంతకంటే పెద్ద దోమల్ని సూసినాను," అనేవాడు. అతనికి నారు పోయిన దిగులు గోవిందు కంటే ఎక్కువే. అయినా పైకి, "వచ్చే ఏడాది సూద్దాం," అనేవాడు.

ముందు లక్ష్ముడి ఇంట్లో జ్వరం వచ్చింది. తరువాత ఎదురింట్లో. తరువాత జ్ఞానయ్యకు. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగలేదు. కూతురు అబిగేలు ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. మలేరియా అన్నారు. మందులు పనిచేశాయి, జ్వరం దిగింది కూడా. కాని బీడీలతో, ఇంజనురూము పొగతో ఎప్పుడో పాడైన ఊపిరితిత్తులు ఆ వణుకును తట్టుకోలేకపోయాయి. గోవిందు చూడడానికి వెళ్ళిన రోజు జ్ఞానయ్య ముక్కుకు గొట్టం ఉంది. మాట్లాడలేదు. గోవిందు చెయ్యి పట్టుకుని, చూపుడు వేలితో అరచేతిలో ఏదో గీశాడు. అదేమిటో గోవిందుకు అర్థం కాలేదు. తెల్లారేసరికి కబురొచ్చింది.

గుడిలో తెలుగు కీర్తనలు పాడారు. పాస్టరుగారు అతను ఓడల మీద చేసిన ప్రయాణాల గురించి మాట్లాడారు. గోవిందు వెనక వరసలో నిలబడి, ఎవరైనా తనకేసి తిరిగి నీ కట్ట వల్లే అంటారేమోనని వేచి ఉన్నాడు. ఎవరూ అనలేదు. మట్టి వేసి వచ్చాక అబిగేలే అతని దగ్గరికొచ్చింది.

"బాబాయ్, భోజనం చేసి వెళ్ళు."

"అమ్మా, ఆ కట్ట..."

"నాన్న అడిగితేనే కదా కట్టినావు," అంది అబిగేలు. ఆమె గొంతులో కోపం లేదు. ఓదార్పూ లేదు. విస్తరి వేసి అన్నం వడ్డించింది. గోవిందు ముద్ద కలిపి విస్తట్లోనే వదిలాడు.

ఆ వారమే ఆరోగ్యశాఖ నుంచి సుష్మ అనే అమ్మాయి వచ్చి వీధి వీధీ తిరిగింది. గోవిందు ఆమెను కట్ట దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె పొడుగు పిడి ఉన్న గరిటెతో నిలవ నీరు ముంచి తెల్లటి పళ్ళెంలో పోసింది. పళ్ళెం నిండా చిన్న చిన్న పురుగులు మెలికలు తిరుగుతూ కదులుతున్నాయి. తరువాత కట్ట అవతల నాలాలో ముంచింది. నీళ్ళు మాత్రమే వచ్చాయి.

"యే దేఖియే దాదా," అంది. "ఈ దోమకు కొంచెం ఉప్పు తగిలిన నిలవ నీరంటే ఇష్టం. అవతల నీరు కదులుతుంది, చేపలు తినేస్తాయి. ఇక్కడ కదలదు, చేపలూ లేవు."

"మందు కొడితే?"

"కొడతాం. మళ్ళీ వస్తాయి."

గోవిందు ఆ పళ్ళెం కేసి చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చాక స్వాతి అతనికి మంచినీళ్ళిచ్చి పక్కనే కూర్చుంది.

"మావయ్యా, నేను ప్రతి ఏడాదీ క్లాసులో బోర్డు మీద బాణాలు గీస్తాను. ఆకును పీత, పీతపిల్లను చేప, చేపను కొంగ. ఒక బాణం చెరిపేస్తే ఏమవుతుందో చెప్పండి అని పిల్లల్ని అడుగుతాను. మీరు కట్ట వేసిన రోజు నేనూ ఇక్కడే ఉన్నాను. నాకు ఆ పాఠం గుర్తే రాలేదు. బకెట్టు మోయక్కర్లేదని సంతోషించాను."

గోవిందు లేచి పార, గునపం తీశాడు.

"ఇప్పుడేటి సేస్తావు?" అంది కాసులమ్మ.

"తవ్వీస్తాను."

"పాటు వేళ సూసుకుని తవ్వు. లేపోతే నీళ్ళు మీద పడతాయి," అందామె. తన బుట్ట గోడకు తగిలించి, చీర దోపుకుని, రెండో పార పట్టుకుంది.

మధ్యాహ్నం పాటుకు ఇద్దరూ కట్టెక్కారు. నాలుగు పారల మట్టి తీశారో లేదో లక్ష్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. జ్వరం నుంచి అప్పుడే లేచిన మనిషి, ఎముకలు కనిపిస్తున్నాయి.

"బావా, పిచ్చెక్కిందేటి నీకు? నా బావి ఇప్పుడే బాగుపడింది. నా అరటి?"

"నీకు జ్వరం ఎందుకొచ్చిందిరా?"

"జ్వరం అందరికీ వస్తాది. మందేసుకుంటే పోతాది. ఉప్పునీళ్ళకి మందుందా? నువ్వే మూసినావు. లడ్డూలు తిన్నాం. ఇప్పుడు నువ్వే తవ్వుతావా? మా పెట్టుబడి, మా నీళ్ళు నీకు ఆటా?"

ఆ మాటలో న్యాయం ఉంది. గోవిందుకు తెలుసు. పార నేలకు ఆనించి నిలబడ్డాడు.

"నీ ఇంటికి తాగేనీళ్ళు నాను మోస్తాను," అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"మొయ్యగలిగినన్నాళ్ళు."

"తరవాత?"

గోవిందు మళ్ళీ పార ఎత్తాడు. లక్ష్ముడు అక్క కేసి చూశాడు. కాసులమ్మ తల వంచుకుని తవ్వుతూనే ఉంది. అతను కట్ట మీద ఉమ్మి, దిగి వెళ్ళిపోయాడు. ఆ తరువాత అక్కతో కూడా మాట్లాడడం మానేశాడు.

రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి వల్లా కాలేదు. మణికుమార్ పని నుంచి వచ్చి, తండ్రి చేతులు చూసి, గునపం అందుకున్నాడు. రాయి కదలగానే లోపలి నీరు ఒక్కసారిగా దూసుకుపోయింది. నల్లటి, కుళ్ళిన నీరు, దానిమీద ఆకుల జావ, చేప ముళ్ళు. నాలాలో అది చాలా దూరం వరకు మరకలా కనిపించింది. అవతల ఉన్న కొన్ని చేపలు కూడా ఆ పులుపుకు తేలాయి. గోవిందు దాన్నీ చూశాడు. పూడ్చడం ఎంత తొందరపాటో, అంత నీటిని ఒక్కసారిగా వదలడమూ అంతే తొందరపాటని అతనికి అప్పుడు తోచింది. కాని రాయి మళ్ళీ పెట్టడానికి వీల్లేకపోయింది.

పోటు లోపలికి రావడం మొదలయ్యాక దోమలు తగ్గాయి. వాసన పోవడానికి చాలాకాలం పట్టింది. గండి పక్కన, రోజూ నీరు ఆడే చోట ఉన్న చెట్లు కొన్ని చిగుర్లు తొడిగాయి. లోపలివి చాలామట్టుకు బెరడు ఊడి, బూడిదరంగు కర్రల్లా నిలబడ్డాయి. వాటిని నరకొద్దని, అలా ఉన్నా వేళ్ళు బురదను పట్టి ఉంచుతాయని స్వాతి అంది. ఎన్నాళ్ళకు మళ్ళీ చెట్లు లేస్తాయని గోవిందు అడిగితే ఆమె, "పతా నహీ మావయ్యా. బురద పులుపు విరగాలి. తరువాత పీతలు రావాలి. అవి వచ్చి తవ్వితే..." అంది.

లక్ష్ముడి అరటి ఉప్పుకు పోయింది. బావులు మళ్ళీ ఉప్పెక్కాయి. గోవిందు పొద్దున్నే ట్యాంకరు దగ్గర క్యాన్లు నింపి ముందు లక్ష్ముడి గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. లక్ష్ముడు బయటకు వచ్చేవాడు కాదు. అతని పెళ్ళాం చిట్టితల్లి ఖాళీ క్యాన్లు గడప మీద పెట్టి ఉంచేది.

పీతలు లేక కాసులమ్మ డెలానీపూర్‌లో ఒక ఆఫీసరు ఇంట్లో వంటపనికి కుదిరింది. చిన్నప్పట్నుంచి ఎవరి కింద పని చెయ్యని మనిషి. ఆ ఇంటావిడ ఏమన్నా అందో లేదో ఇంటికొచ్చి చెప్పేది కాదు. కూర్చుని పాదాలకు నూనె రాసుకునేది. బురదలో పగిలిన మడమలు ఇప్పుడు గచ్చు మీద నిలబడి వాస్తున్నాయి.

"నావల్లే గదా," అన్నాడు గోవిందు ఒకరోజు బస్సు కోసం నిలబడినప్పుడు.

కాసులమ్మ బస్సు మలుపు తిరగడం చూసి సంచీ భుజానికెత్తుకుంది.

"అబిగేలు ఇంటికెళ్ళి రా," అంది. "ఒక్కర్తే ఉంది. వాళ్ళ కొళాయి కారతందట. బాగుసెయ్యి."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. గోవిందు బస్సు కనిపించినంతసేపూ చూసి, పానా తెచ్చుకోవడానికి ఇంటికేసి నడిచాడు.